మాంతేకా అంటే నూనె

పోయిన నెల రెడ్‌మండ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, ఒకరోజు మధ్యాహ్నం తను నన్ను ఆఫీస్ పక్కన ఆగే టాకో ట్రక్ దగ్గరికి తీసుకెళ్లింది. సన్నటి తుంపర పడుతోంది. మాతోపాటు శ్రావ్య అనే అమ్మాయి కూడా వచ్చింది. వాళ్లది వరంగల్. మాస్టర్స్ అయిపోయి ఈ మధ్యే మా అమ్మాయి టీమ్‌లో చేరిందట. "ఆంటీ, మీరు తడుస్తరు, అక్కడ నిలబడుండ్రి, నేను ఆర్డర్ చేస్తా" అని ముందుకెళ్లి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఫోన్ ఆ మాటనే స్పానిష్‌లో చెప్పింది. ట్రక్ కిటికీలోంచి ఒక నడివయసు ఆవిడ వంగి, నవ్వి, అవునన్నట్టు తలూపి, "సీ, మాంతేకా" అంది. శ్రావ్య నావైపు తిరిగి, "బీన్స్‌ల పంది కొవ్వు ఏస్తరంట ఆంటీ, మనకొద్దు. మష్రూమ్‌వి చెప్తున్న" అంది. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టలేదు.

అక్కడే అలా నిలబడిపోయాను. ఆ మాటను అలాంటి గొంతులో విని నలభై ఏళ్లు దాటింది. "ఏమైందమ్మా?" అని మా అమ్మాయి అడిగితే, ఏం లేదన్నాను. ఏం లేకపోవడమేమిటి? ఆ ఒక్క మాటను నేను పదకొండేళ్ల వయసులో తప్పుగా చెప్పాను. తెలిసే చెప్పాను. దానివల్ల ఒక మనిషి బతికింది. ఆ మనిషి దగ్గరే నా మాటకు విలువ పోయింది.

మేం అప్పుడు కాలిఫోర్నియా లోయలో, పత్తి పండే ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాయనది పత్తి మీద పరిశోధన. నంద్యాలలో చేసిన పనే అక్కడా చేసేవాడు. నేల మాత్రమే మారింది. ఎండాకాలం దుమ్ము, చలికాలం ఇంటి ముందు చెట్టు కూడా కనపడనంత పొగమంచు. అమ్మ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేది. ఊరంతా వెతికినా మాది తప్ప ఇంకో తెలుగు ఇల్లు లేదు. సగం ఊరు మెక్సికో నుంచి వచ్చినవాళ్లే. పొలాల్లో, పండ్ల షెడ్లలో, పాల డెయిరీల్లో పనిచేసేవాళ్లు. మా వెనక ఇల్లు కూడా వాళ్లదే. రెండు పెరళ్ల మధ్య నా భుజం ఎత్తున చెక్క కంచె ఉండేది. ఆ ఇంటి మనవరాలు లూపే నా క్లాసే. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది స్కూల్లో జిమ్ వెనకాల. ఎందుకంటే ఇద్దరం మా మధ్యాహ్నం తిండిని దాచుకుని తినేవాళ్లం. నా డబ్బాలో చిత్రాన్నం. లూపే కాగితం పొట్లంలో చిక్కుడు గింజలు పెట్టి మడిచిన రొట్టెలు, అంటే టాకోలు. మిగతా పిల్లలందరికీ తెల్ల బ్రెడ్ శాండ్‌విచ్‌లు. నా తిండికి నేను సిగ్గుపడటం నాకు వింతగా ఉండేది కాదు. సగం ఊరు తినే తిండికి లూపే ఎందుకు సిగ్గుపడేదో మాత్రం నాకు చాలాకాలం అర్థం కాలేదు.

విచిత్రం ఏమిటంటే, మంగళవారం మంగళవారం స్కూలే టాకోలు పెట్టేది. అప్పడాన్ని మడిచి వేయించినట్టు కరకరలాడే పసుపు డొప్ప, అందులో గొడ్డు మాంసం కీమా, తురిమిన చీజ్, పైన లెట్యూస్ తుంపులు. అందరూ ఎగబడి తినేవాళ్లు. లూపే ముట్టేది కాదు. "ఇది టాకో అని మా అమ్మమ్మకి చెప్తే ఏడుస్తుంది" అనేది. అలా ఆ ఊళ్లో టాకో అంటే రెండు వస్తువులుండేవి. ఒకటి ట్రేలో పెట్టి గర్వంగా తినేది, రెండోది పొట్లంలో దాచుకుని తినేది.

ఆ ఏడే తాత పోయాడు. నాయన ఊరికి వెళ్లి, కర్మలన్నీ ముగించుకుని, అవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు. అవ్వంటే నాయన తల్లి. మనిషి పొట్టి, చేతులు మాత్రం పెద్దవి. రోజుకు ఇరవై జొన్నరొట్టెలు తట్టిన చేతులు. తాత పోయిన పదకొండో రోజున ఆమె కోడికూర, గుడ్డు, మొత్తం నీసు మానేసిందట. మా ఇంటావంటా లేని పద్ధతి. ఎవరూ మానమని అనలేదు కూడా. "ఆయన లేకుండా ఆయనకిష్టమైంది నేనెట్ల మింగేది?" అని ఒకటే మాట. ఆ పట్టు ఎవరో చెప్తే పట్టింది కాదు కాబట్టి ఎవరూ విడిపించలేకపోయారు.

నీసు మానడం ఒకెత్తు, అసలు తిండే మానడం ఒకెత్తు. మా ఊళ్లో అప్పుడు జొన్నపిండి దొరికేది కాదు. అమ్మ మైదాతో, గోధుమపిండితో రొట్టెలు చేసి పెట్టేది. అవ్వ ఒక తుంపు నోట్లో వేసుకుని, "బాగుండాదిలే" అని పక్కన పెట్టేది. రెండు ముద్దలు మజ్జిగన్నం, అంతే. పగలంతా ఇంట్లో ఒక్కతే. టీవీలో మాట తెలియదు, వీధిలో మనిషి తెలియదు. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి కిటికీ పక్కన కుర్చీలో పొద్దున కూర్చున్నట్టే కూర్చుని ఉండేది. మూడు నెలల్లో ఆమె జాకెట్ చేతులు వదులై వేలాడసాగాయి. అమ్మ ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేయించింది. జబ్బేమీ లేదన్నారు. ఆ మాట విన్న రోజున అమ్మా నాయనా వంటింట్లో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం నేను విన్నాను. "తినకపోతే ఎన్నాళ్లుంటుంది?" అంది అమ్మ.

ఒక శనివారం పొద్దున నేను పెరట్లో ఉండగా అవ్వ తనంతట తాను బయటికి వచ్చింది. వచ్చిన మూడు నెలల్లో అదే మొదటిసారి. గడప మీద నిలబడి తల పక్కకు వంచి వింటోంది. కంచె అవతల్నుంచి టపటపమని చప్పుడు. రెండు అరచేతుల మధ్య తడిపిండి పడి లేస్తున్న చప్పుడు.

"పాపా, ఎవురో రొట్టె తడతాండారు" అంది.

అలా అంటూనే కంచె దగ్గరికి నడిచింది. వాళ్ల గరాజ్ తలుపు తీసి ఉంది. లోపల గ్యాస్ పొయ్యి మీద పెద్ద పెనం. దాని ముందు లూపే అమ్మమ్మ నిలబడి ఉంది. ఆవిడను ఊళ్లో అందరూ డోన్యా ఎల్వీరా అనేవాళ్లు. డోన్యా అంటే మన 'గారు' లాంటిది. ఆవిడ మా అవ్వ కంటే నాలుగేళ్లు చిన్నదేమో. వీపు మీద ఒంటి జడ, నడుముకు గళ్ల ఏప్రన్. నిమ్మకాయంత పిండి ముద్ద తీసుకోవడం, రెండు చేతుల మధ్య తిప్పుతూ తట్టడం, పెనం మీద వేయడం, వేలి కొనతో తిరగేయడం. రొట్టె పూరీలా ఒక్కసారి ఉబ్బి కూర్చునేది. అవ్వ కంచె మీద గడ్డం ఆనించి అదే చూస్తోంది. కొంచెంసేపటికి డోన్యా ఎల్వీరా తలెత్తి చూసింది. పలకరింపు లేదు, నవ్వు లేదు. పెనం మీది రొట్టె తీసి, దాని మీద చిటికెడు ఉప్పు చల్లి, గట్టిగా చుట్టచుట్టి, నడిచొచ్చి కంచె మీదుగా అవ్వ చేతిలో పెట్టింది.

అవ్వ నిలబడే తినింది. మొత్తం తినింది. "జొన్న గాదు, మొక్కజొన్న. ఆకు లెక్క పల్చన. ఇంకొంచెం మందంగా తట్టొచ్చు" అంది. మూడు నెలల్లో ఆమె ఒక వంటకం గురించి అభిప్రాయం చెప్పడం అదే మొదలు. ఆ ఉప్పు చుట్టిన రొట్టె కూడా టాకోయేనని లూపే తర్వాత చెప్పింది. చిన్నపిల్లలు పొయ్యి చుట్టూ తిరుగుతుంటే వాళ్ల చేతుల్లో పెట్టేది అదేనట.

మరుసటి శనివారం అవ్వ పిలవకుండానే కంచె మూలనున్న చిన్న తలుపు తీసుకుని అవతలికి వెళ్లింది. మాటలకు నేనూ లూపే ఉండాల్సి వచ్చింది. డోన్యా ఎల్వీరా స్పానిష్‌లో చెప్పేది, లూపే ఇంగ్లీషులో నాకు చెప్పేది, నేను తెలుగులో అవ్వకు. తిరిగి అదే దారిలో వెనక్కి. ఆ రోజు రొట్టెల పక్కన మట్టికుండలో ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలున్నాయి. అవ్వ వాటిని అలసందలనే అంది, చివరిదాకా అలాగే అంది. డోన్యా ఎల్వీరా గరిటెడు గింజల ముద్ద రొట్టెలో రాసి, రోట్లో నూరిన టమాట కారం వేసి, మడిచి ఇచ్చింది. మూడు కాళ్ల నల్లరాతి రోలది. అవ్వ దాన్ని చూసి "మన ఊరిబిండి పచ్చడి లెక్కనే నూరినారే!" అని సంబరపడి, ఒక టాకో తినేసి, రెండోది అందుకుంటూ ఆగింది.

"దీంట్లో ఏమేసినారో అడుగు పాపా. నీసు లేదు గదా?"

నేను అడిగాను. లూపే వాళ్ల అమ్మమ్మను అడిగి, వేళ్లు మడుస్తూ చెప్పింది. "బీన్స్, ఉల్లిపాయ, ఉప్పు, మాంతేకా."

"మాంతేకా అంటే?"

"లార్డ్. పిగ్ ఫ్యాట్."

అవ్వ నావైపే చూస్తోంది. ఆమె మూతి పక్కన టమాట కారం అంటుకుని ఉంది. ముఖం మీద నేను చాలాకాలంగా చూడని కళ ఒకటి కనిపించింది. ఆకలి. రెండో టాకో చేతిలో పట్టుకుని, తినాలా వద్దా అని నా మాట కోసం చూస్తోంది. వంటింట్లో అమ్మ అన్న మాట నా చెవిలో మోగింది.

"అలసందలు, ఉల్లిగడ్డ, ఉప్పు, నూనె" అన్నాను.

"మాంతేకా అంటే నూనెనా?"

"అవునవ్వా, నూనె."

అవ్వ తినింది.

ఆ తర్వాతి దాదాపు ఏడాదిలో లాగా అంత సంతోషమూ, అంత భయమూ కలిసి ఉన్న కాలం నా జీవితంలో మళ్లీ రాలేదు. అవ్వ కోలుకుంది. జాకెట్లు మళ్లీ బిగువయ్యాయి. పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, "పనుండాది" అని వెనక ఇంటికి పోయేది. డోన్యా ఎల్వీరా శుక్రవారం సాయంత్రం మొక్కజొన్నల్లో తెల్లటి పొడి వేసి ఉడికించి నానబెట్టడం చూసి, అవ్వ ఆ పొడిని నాలిక కొసకు అంటించుకుని కేక పెట్టింది. "సున్నం! ఆకులో తినే సున్నం పాపా! గింజల్లో సున్నమేస్తారా ఎవురన్నా?" లూపే వాళ్ల అమ్మమ్మ చెప్పిన జవాబు మా ఇద్దరి నోళ్ల గుండా ఇలా వచ్చింది: సున్నం వేస్తేనే పొట్టు ఊడుతుంది, పిండి జిగురుకొస్తుంది, ఒంటికీ మంచిది. మా అమ్మ చేసింది, వాళ్లమ్మ చేసింది. అవ్వ తలాడించి, తాను వేణ్ణీళ్లు పోసి జొన్నపిండి కలిపే తీరు చెప్పమంది. నాగజెముడు మట్టల్ని ముళ్లు గీకి, తరిగి, కూర చేసుకుంటారని తెలిసిన రోజున మాత్రం ఆమె నమ్మలేదు. "మా ఊర్లో కంచెలకేస్తాం దాన్ని. మేకలు గూడా వాసన చూసి పోతాయి" అంది. తిన్నాక, బెండకాయ కంటే మేలనింది.

టాకో అంటే ఒక వంటకం అనుకుంటారు చాలామంది. ఆ గరాజ్‌లో అది తినే పద్ధతి పేరు. రొట్టెలో ఏది మడిచినా టాకోయే: నిన్నటి కూర, రెండు ఆలుగడ్డ ముక్కలు, గుమ్మడిపువ్వు, ఒట్టి ఉప్పు. లూపే నాన్న తెల్లారకముందే పొలానికి పోతుంటే గుడ్డలో చుట్టి ఇచ్చేది అవే. ఇంటికి ఎవరొచ్చినా డోన్యా ఎల్వీరా ముందు అనే మాట "ఎచాతే ఉన్ టాకో". ఒక టాకో తిని పో అని. పోస్ట్‌మ్యాన్‌తో అనేది, మీటర్ చూడ్డానికి వచ్చినవాడితో అనేది. అవ్వ ఆ మాటకు అర్థం అడిగి, నేను చెప్తే, "ముద్ద తిని పో అన్నట్టు. మనదీ అదే మాట గదా" అంది. అన్నం తిని పో అన్నప్పుడు మనం నిజంగా అన్నం గురించే మాట్లాడుతున్నామా? అంత పెద్ద సంగతిని ఒక్క ముక్కలో తేల్చేసింది.

వీటన్నిటి మధ్య నా అబద్ధం పెరుగుతూ వచ్చింది. అవ్వకు స్పానిష్ మాటలు పట్టుబడటం మొదలైంది. మా వంటింట్లో నూనె సీసా చూపించి, అమ్మతో "కోడలా, ఆ మాంతేకా ఇట్లియ్యి" అనేది. అమ్మ నవ్వేది. నేను పక్క గదిలోకి పోయేదాన్ని. ఒకటి రెండుసార్లు లూపేతో చెప్పి, గింజలు నూనెతో వండమని వాళ్ల అమ్మమ్మను అడిగిద్దామనుకున్నాను. అడిగితే ఎందుకని అంటుంది. చెప్పాలి. చెప్తే అవ్వ మళ్లీ ఆ కిటికీ పక్కకు పోతుంది. నోరు మూసుకున్నాను.

క్రిస్మస్‌కు ముందు వాళ్లింట్లో ఆడవాళ్లంతా కలిసి తమాలెలు చేస్తారు. మొక్కజొన్న పిండిని కండెల మీది ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం అది. అవ్వ మాంసం తినదని వాళ్లకు తెలుసు, కానీ కొవ్వును వాళ్లు మాంసం కింద లెక్కేయరు. ఉత్త మిరపకాయ, చీజ్ పెట్టినవి తనకు ప్రత్యేకంగా చేస్తామన్నారని అవ్వ పొద్దున్నే చేరిపోయింది. లూపే, నేను మధ్యాహ్నం స్కూల్ నుంచి వచ్చి నేరుగా అక్కడికే వెళ్లాం. మేం గరాజ్‌లో అడుగుపెట్టేసరికి డోన్యా ఎల్వీరా ఒక పెద్ద రేకు డబ్బా మూత తీసి, పిండి గంగాళంలోకి తెల్లటి గడ్డలు గడ్డలుగా ఏదో తోడుతోంది. "మాంతేకా, మాంతేకా" అంటూ అవ్వకు చూపిస్తోంది, చూడు ఎంత మంచి సరుకో అన్నట్టు. అవ్వ డబ్బాలోకి తొంగి చూసింది. తనకు తెలిసిన మాట, తెలియని వస్తువు. వెన్న అనుకుందేమో, నెత్తి మీద రెండు వేళ్లు కొమ్ముల్లా పెట్టి "ఆవుదా?" అని సైగ చేసింది.

డోన్యా ఎల్వీరా నవ్వుతూ తలూపింది, కాదని. పిండి అంటిన వేలితో తన ముక్కు కొనను పైకి నొక్కి, గుర్రుమని చప్పుడు చేసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. తర్వాత ఆవిడ అదే వేలితో పొయ్యి మీద గింజల కుండను కూడా చూపించింది.

మేమిద్దరం చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. అవ్వ గంగాళాన్ని చూసింది, కుండను చూసింది, చివరికి గుమ్మంలో పుస్తకాల సంచీతో నిలబడి ఉన్న నన్ను చూసింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఇంటికి వెళ్లిపోయింది.

అమ్మ పని నుంచి వచ్చేదాకా అవ్వ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చుంది. అమ్మ వచ్చాక నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టుకుంది.

"మాంతేకా అంటే ఏంది?"

"పంది కొవ్వు."

"నాకేమని చెప్తివి?"

"నూనె అని."

"ఆ పొద్దు తెలిసే చెప్తివా, తెలియక చెప్తివా?"

"తెలిసే."

అమ్మకు అప్పుడే సంగతి అర్థమైంది. "చిన్నపిల్ల అత్తా, ఏదో నువ్వు తింటాండావని..." అని అడ్డం వచ్చింది.

"నేను దాన్ని కొడతాండానా? అడుగుతాండా, అంతే" అంది అవ్వ. మళ్లీ నావైపు తిరిగింది. "ఈ దేశంలో నాకు నోరు లేదు, చెవి లేదు. రెండూ నువ్వే. నువ్వే అబద్ధం చెప్తే నేనింకెవుర్ని అడగల్ల పాపా?"

నేను ఏడ్చేశాను. "తినకుండా సచ్చిపోతావని భయపడితిని అవ్వా."

అవ్వ నెమ్మదిగా అంది. "సచ్చిపోయేదాన్నేమో. అది గూడా నన్నడిగే చేయల్ల గదా."

మూడు రోజులు మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. నాలుగో రోజు ఆదివారం. తలంటుకుని, తాత ఫోటో ముందు చాలాసేపు కూర్చుంది. ఆయనతో ఏం చెప్పుకుందో తెలియదు. లేచి వచ్చి అమ్మతో, "తెలియక తిన్నది నాకంటదు. తెలిసి పెట్టినోళ్లకంటుతాది" అంది. నేను పక్కనే ఉన్నాను.

ఆ మధ్యాహ్నమే డోన్యా ఎల్వీరా చర్చి బట్టల్లో, లూపేను వెంటబెట్టుకుని వీధి గుమ్మం నుంచి వచ్చింది. కంచె దాటి కాదు. తాను పందిలా ముక్కు నొక్కి చూపించడం ఈ పెద్దావిడకు అవమానమైందని, అందుకే రావడం మానేసిందని అనుకుంటోంది. క్షమాపణ చెప్పడానికి వచ్చింది. అవ్వ ఆవిడను సోఫాలో కూర్చోబెట్టి, నన్ను మధ్యలో నిలబెట్టింది.

"నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. తప్పు ఆమెది కాదు."

లూపేకు చెప్పాను. లూపే చెప్పింది.

"తప్పు నాది గూడా కాదు."

అదీ చెప్పాను.

"తప్పు నా మనవరాలిది. తెలిసీ నాకు అబద్ధం చెప్పింది. ఆ మాట గూడా చెప్పు."

లూపే నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూస్తోంది. చివరికి ఎలాగో అన్నాను. లూపే ఒక్క క్షణం ఆగి, స్పానిష్‌లో నేను చెప్పినదానికంటే చాలా ఎక్కువసేపు మాట్లాడింది. డోన్యా ఎల్వీరా ముఖం మారింది. చెయ్యి చాచి లూపే చెవి మెలిపెట్టింది. నా చెవి కాదు, లూపేది. ఎందుకో నాకు అర్థం కాలేదు. మర్నాడు జిమ్ వెనకాల అడిగాను.

"మనిద్దరం కలిసే అబద్ధం చెప్పామని చెప్పాను" అంది లూపే.

"నీకసలు తెలియదు కదా!"

"తెలియదు. కానీ నువ్వొక్కదానివే అలా నిలబడి ఉంటే నాకు బాగనిపించలేదు, రేనూ."

ఆ రోజు మా ముందుగదిలో జరిగిన మిగతా మాటలను మాత్రం మేమిద్దరం ఒక్క అక్షరం మార్చకుండా చేరవేశాం. నీసు ఎందుకు మానేశావని డోన్యా ఎల్వీరా అడిగింది. అవ్వ తాత గురించి చెప్పింది. డోన్యా ఎల్వీరా విని, తన భర్త కూడా పోయాడని, తాను మాత్రం ఏదీ మానలేదని, ఏడాదికోసారి చనిపోయినవాళ్ల పండగ నాడు ఆయన ఫోటో ముందు ఆయనకిష్టమైన నాలుక మాంసం టాకోలు, బీరు పెడతానని చెప్పింది. "మేమూ పెడతాం" అంది అవ్వ. "ఒకరు మానేది, ఒకరు పెట్టేది. ఎవురికి తోచినట్టు వాళ్లు." ఇది స్పానిష్‌లోకి ఎలా చేరిందో తెలియదు కానీ డోన్యా ఎల్వీరా అవ్వ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత గరాజ్‌లో పొయ్యి మీద ఇంకో చిన్న కుండ వెలిసింది. అది నూనెతో వండేది, అవ్వది. మొదటిసారి అందులోంచి తిన్నప్పుడు అవ్వ నిజాయితీగా ముఖం చిట్లించింది. "ముందరి రుచి లేదు" అని, "అయినా నాది ఇదే" అని, ఇంకో టాకో అడిగింది. నాకు మాత్రం అక్కడ పని లేకుండా పోయింది. నేను నోరు తెరిస్తే అవ్వ చెయ్యెత్తి ఆపేది. కోపంగా కాదు. "నువ్వు మధ్యలో వద్దులే, ఆడుకోపో" అనేది. అరవై దాటిన మనిషి, సంతకం తప్ప అక్షరం రాయలేని మనిషి, ఒక్కో మాటే పోగుచేసుకుని స్పానిష్ నేర్చుకుంది. వస్తువును వేలితో చూపించడం, పేరు అడగడం, మూడుసార్లు అనుకోవడం. అటు డోన్యా ఎల్వీరా కూడా ఉప్పు, రొట్టె, చాలు, కూచో అని అనసాగింది. నేను కంచె ఇవతల హోంవర్క్ ముందేసుకుని ఆ గొంతులు వింటూ ఉండేదాన్ని. ఎవరూ నన్ను శిక్షించలేదు. అదే పెద్ద శిక్ష.

ఇప్పుడు ఎడిసన్‌లో నా ఇంటికి పది నిమిషాల దూరంలో మూడు రకాల జొన్నపిండి దొరుకుతుంది. పనీర్ టాకోలు అమ్మే కొట్టుంది. లూపే పొట్లంలో దాచుకున్నవాటినే నీలం మొక్కజొన్న రొట్టెల్లో పెట్టి, చెక్కపలక మీద సర్ది తెచ్చిస్తున్నారు. మా అమ్మాయి తరం వాటిని ఫోటోలు తీసుకుని తింటోంది. సంతోషమే. ముప్పై ఏళ్లు నేను ఫార్మసీలో పనిచేశాను. మన పెద్దవాళ్లు వచ్చి గొట్టం మాత్ర చూపించి, "ఇందులో నీసేమైనా ఉందామ్మా?" అని అడిగేవాళ్లు. ఆ క్యాప్సూల్ పైన ఉండే జెలటిన్ పశువుల నుంచో పంది నుంచో వస్తుంది. పక్కన నిలబడ్డ కొడుకులు, కోడళ్లు నాకు కళ్లతో సైగ చేసేవాళ్లు, చెప్పొద్దని. వాళ్ల భయం నాకు తెలుసు. వాళ్ల మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. కానీ ప్రతిసారీ చెప్పేశాను. ఒకాయన మందే మానేస్తానని లేచిపోయాడు. ఆయన కోసం డాక్టర్‌కు ఫోన్ చేసి వేరే మాత్ర రాయించడానికి రెండు రోజులు పట్టింది. నిజం చెప్పడంలో ఉన్న కష్టమంతా అదే అనిపిస్తుంది నాకు. చెప్పి ఊరుకుంటే చాలదు, ఆ తర్వాతి పని కూడా మనమే చేయాలి. పదకొండేళ్లప్పుడు నాకు తెలియనిది అదొక్కటే. పంది కొవ్వని చెప్పి, నూనెతో వండగలరా అని మరుక్షణమే అడిగి ఉంటే సరిపోయేది. ఒక చిన్న కుండ. అంతకు మించి ఏమీ కాదు.

చదువు కోసం ఊరు వదిలాక, సెలవులకు వచ్చిన ఒక వేసవిలో నేను, లూపే గరాజ్ బయట నిలబడ్డాం. లోపల ఇద్దరు ముసలమ్మలు రెండు మడత కుర్చీల్లో కూర్చుని పిండి తడుతున్నారు. అవ్వకు అప్పటికే ఒక కన్ను సరిగా కనపడదు. డోన్యా ఎల్వీరాకు మోకాళ్లు పట్టేశాయి. ఏదో పెద్ద కబురు నడుస్తోంది. ఒక మాట తెలుగు, ఒక మాట స్పానిష్, మధ్యలో రెండూ కానివి, ఆ పదేళ్లలో వాళ్లిద్దరే పుట్టించుకున్నవి. నాకు అప్పటికి స్పానిష్ బాగానే వచ్చు. అయినా అంతు చిక్కలేదు. లూపే వైపు చూస్తే, తనకూ తెలియదన్నట్టు భుజాలెగరేసింది. ఇంతలో డోన్యా ఎల్వీరా ఏదో అంది, అవ్వ పిండిచేత్తోనే తొడ మీద చరుచుకుని కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది.

"ఏందవ్వా? ఏమంటాండారు? మాకు గూడా చెప్పు" అన్నాను.

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, కనపడే కంటితో నన్ను ఎగాదిగా చూసింది.

"నీకు చెప్తే మార్చి చెప్తావులే" అంది.

ఆ మాటను తానే తమ భాషలోకి మార్చి డోన్యా ఎల్వీరాకు చెప్పింది. ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. ఆ నవ్వు దేనికో నాకు ఈ రోజుకీ తెలియదు.